మూడో అక్షరం

బుధవారం సాయంత్రానికి తేలిన సంగతులు ఇవి.

ఖిలా వరంగల్ దారిలోని ఆదరణ మందిరానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పాస్టరుగా ఉన్న నతానియేలు చనిపోయి ఈ ఆదివారానికి ఏడాది. ఆ రోజు ఆరాధన అయ్యాక సమాధుల తోటలో ఆయన రాయి నిలబెట్టాలి. రాయి వచ్చింది. గేటు దాటలేదు. ట్రాలీ ఆటో మీంచి దించుతుండగా సంఘం సెక్రటరీ ఓంప్రకాశ్ గోనెపట్టా ఎత్తి చదివాడు. పేరు సరిగానే ఉంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ సరిగానే ఉన్నాయి. వాటి కింద మూడు మాటలు ఉన్నాయి. 'తండ్రీ కుమారుడూ ఒక్కరే.'

ఒక్కటే అని ఉండాలని, ఒక్కరే అనడం దుర్బోధ అని, ఆ రాయి లోపలికి రాదని ఓంప్రకాశ్ అన్నాడు. ఉన్నది సరిగానే ఉందని, ఒక్క అక్షరం మార్చినా తాము సంఘంలో ఉండమని అసిస్టెంటు పాస్టరు హరీష్ అన్నాడు. తాము అంటే సగం కుటుంబాలు. రాయి గేటు బయట గోడకు ఆనించి ఉంది. దాని కింద రెండు మొద్దులు పెట్టారు.

కమిటీ బుధవారం కూర్చుని నతానియేలు కూతురు సువార్తకు ఒక కాగితం ఇచ్చింది. ఆమె తప్ప ఆయనకు వేరే సంతానం లేదు. రాతి మీద ఏమి ఉండాలని తన తండ్రి కోరాడో ఆమె శనివారం ఐదు గంటల లోపు రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే రాయి వెనక్కి పోతుంది. ఒక్కరే అని రాసి ఇస్తే, మందిరం గోడ మీది పాస్టర్ల పలకలో ఆయన పేరు ఉండాలో వద్దో కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. ఒక్కటే అని రాసి ఇస్తే, ఆయన చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో సగం మంది ఆయన సమాధి దగ్గరే సంఘం వదిలి వెళ్ళిపోతారు.

తన తండ్రి ఏమి కోరాడో సువార్తకు తెలియదు. రాయి చెక్కిన ఎల్లస్వామి మాత్రం, అయ్యగారే బతికుండగా రాయికి ఆర్డరు చెప్పి చీటీ ఇచ్చాడని ఫోనులో చెప్పాడు.

*

గురువారం సువార్త సగం రోజు సెలవు పెట్టింది. ఆమె వర్ధన్నపేట హైస్కూలులో తెలుగు టీచరు. వయసు నలభై నాలుగు. రెండు గంటల బస్సెక్కి వరంగల్‌లో దిగి, ఆటోలో కరీమాబాద్ వెళ్ళింది.

ఎల్లస్వామి షెడ్డు ముందు ఆరు రాళ్ళు ఉన్నాయి. రెండింటి మీద సిలువ, ఒకదాని మీద నెలవంక. ఒకటి గుడికి చందాలిచ్చిన వాళ్ళ పేర్లది. మిగతా రెండు ఖాళీ. అతను ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాడు. ఏడో తరగతి దాకా చదివాడు. అక్షరం తప్పు పోదని పేరు. ఆ పేరు ఈ వారం దెబ్బ తిన్నది.

"కూసో టీచరమ్మా. స్టూలు మీద దుమ్మున్నది, జర ఆగు" అని భుజం మీది తువాలతో తుడిచాడు. తువాలలో దుమ్ము స్టూలు మీదికి వచ్చింది.

"చీటీ చూపియ్యి అన్నా."

"చూపిస్త. నేనైతే తప్పు చెయ్యలే. చీటీల ఉన్నదే కొట్టిన. ఆ సెక్రటరీ సారు ఫోన్ల నన్ను తిట్టినట్టు మా ఇంటామె గూడ తిట్టలే."

అతను రేకు డబ్బా కోసం లోపలికి వెళ్ళాడు. అప్పుడే బయట స్కూటర్ ఆగింది. నడుపుతున్నది ఓంప్రకాశ్. వెనక కూర్చున్నది హరీష్.

ఎల్లస్వామి డబ్బాతో బయటికి వచ్చి ఇద్దరినీ చూశాడు.

"ఇద్దరు ఒక్కటయిన్రా సార్?"

"ఒక్కటి కాలే" అన్నాడు ఓంప్రకాశ్. "ఈయన బండి పంక్చరైతే ఎక్కించుకున్న."

"పంక్చరైనందుకు కాదు" అన్నాడు హరీష్. "అన్న ఒక్కడే ముందొస్తే చీటీ మారుతదని ఎక్కిన."

ఓంప్రకాశ్‌కు అరవై నాలుగేళ్ళు. కాజీపేటలో రైల్వే గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వరంగల్ బజారులో కిరాణా కొట్టు నడిపిన కుటుంబం. ముప్ఫై ఒకటో ఏట బాప్తిస్మం తీసుకున్నాడు. పేరు మార్చుకోమని అందరూ చెప్పారు. నతానియేలు చెప్పలేదు. "దేవునికి నీ పేరు పలుకుడు వస్తది" అన్నాడు. అందుకే ఆ పేరు మిగిలింది. హరీష్‌కు ఇరవై తొమ్మిది. నతానియేలు దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్నాడు. నిరుడు హైదరాబాదులో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరున కాక ఒక్క యేసు నామంలోనే, రెండోసారి బాప్తిస్మం తీసుకుని వచ్చాడు. సంఘంలో గొడవ అప్పటి నుంచి ఉంది. రాయి దాన్ని గేటు దగ్గరికి తెచ్చింది.

ఎల్లస్వామి డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నోటుబుక్కు కాగితం, సగానికి చింపినది. నీలం బాల్ పెన్నుతో నాలుగు వరుసలు. పేరు. పుట్టిన తేదీ. పోయిన తేదీ కోసం ఖాళీ. ఆ కింద వాక్యం. అన్నిటికన్నా కింద ఒక మూలకు 19-9 అని ఉంది.

సువార్త వాక్యం చదివింది. 'తండ్రీ కుమారుడూ' వరకు సందేహం లేదు. చివరి మాటలో ఒ కనిపిస్తోంది. క్క కనిపిస్తోంది. మూడో అక్షరం దగ్గర పెన్ను గుండ్రంగా తిరిగింది. ఆ గుండ్రం మూసుకుంటే రే. తెరిచి ఉంటే టే. అది మూసుకోబోతూ ఆగింది. అక్కడ సిరా కొద్దిగా పాకింది.

ఓంప్రకాశ్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "టే" అన్నాడు.

హరీష్ ఫోనుతో ఫోటో తీసి వేళ్ళతో పెద్దది చేశాడు. "రే" అన్నాడు. ఇంకా పెద్దది చేశాడు. అక్షరం చుక్కలుగా విడిపోయింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఎల్లస్వామి ఖాళీ రాయి మీద కూర్చున్నాడు. "సార్, నాకు జర సమజ్ చెయ్యున్రి. నేను అక్షరాలు కొట్టుకునేటోన్ని. ఒక్క అక్షరానికి గింత లొల్లి ఎందుకు?"

"చూడు ఎల్లస్వామీ" అన్నాడు ఓంప్రకాశ్. "తండ్రి వేరు, కుమారుడు వేరు. ఇద్దరు. కాని దైవత్వం ఒక్కటి. తండ్రికి ఎంతున్నదో కుమారునికి అంతే ఉన్నది, ఇంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. అందుకే ఒక్కటే అంటం. ఒక్కరే అన్నవనుకో, ఇద్దరు లేరన్నట్టు. మరి సిలువకు పట్టుకపోయే ముందు యేసయ్య తోటల మోకాళ్ళ మీద పడి తండ్రీ అని ఎవర్ని పిలిచిండు? ఆయన్ను ఆయనే పిలుచుకున్నడా?"

"ఇద్దరంటే ఇద్దరు దేవుళ్ళయితరు గదన్నా" అన్నాడు హరీష్. "ఉన్నది ఒక్క దేవుడు. పైన ఉంటే తండ్రి. మన కోసం కిందికొస్తే కుమారుడు. నేను మా ఇంట్ల నా బిడ్డకు నాన్నను. మందిరంల పాస్టర్ను. మా అమ్మకు కొడుకును. గట్లని ముగ్గుర్నా?"

"మీ అమ్మకు కొడుకువు. నీకు నువ్వే కొడుకువు కాదు గద."

ఎల్లస్వామి చెయ్యి ఎత్తాడు.

"ఇగ నాకు సమజైంది. తండ్రి పెద్ద. కొడుకు చిన్న. తండ్రి పంపిండు, కొడుకు పోయిండు. గంతే గద."

"కాదు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"తండ్రి నాకన్న పెద్దోడు అని కొడుకే అన్నడని మొన్న మీ మైకుల ఇన్న."

"అది మనిషిగ ఉన్నప్పుడు అన్న మాట" అన్నాడు ఓంప్రకాశ్.

"అది శరీరం అన్న మాట" అన్నాడు హరీష్.

"ఇద్దరి జవాబు ఒక్క తీరే ఉన్నది. మరి కొట్లాటేంది?" అన్నాడు ఎల్లస్వామి.



సువార్త చీటీ మీంచి తల ఎత్తలేదు. ఆమెకు వ్యాకరణం తెలుసు. మనుషులను లెక్కపెడితే ఒకరు, ఇద్దరు. వస్తువులను లెక్కపెడితే ఒకటి, రెండు. అయినా ఇద్దరు మనుషులు కలిస్తే ఒక్కటయ్యారు అంటాం, ఒక్కరయ్యారు అనం. ఒక్కటి కావాలంటే ఇద్దరుండాలి. ఒక్కరే అంటే రెండో మనిషి లేడు. ఈ సంగతి ఆమె పిల్లలకు ఏటా చెబుతుంది. ఇప్పుడు పైకి కూడా అన్నది.

"నేను చెప్పేది గూడ గదే" అన్నాడు ఓంప్రకాశ్.

"వ్యాకరణం మనుషులకక్కా" అన్నాడు హరీష్. "దేవునికెక్కడిది?"

ఆమె దగ్గర వ్యాకరణం ఉంది కాని తండ్రి మాట లేదు. గుడ్ ఫ్రైడే ప్రసంగంలో నతానియేలు, కుమారుడు పిలిచాడని, తండ్రి విన్నాడని చెప్పేవాడు. అప్పుడు ఇద్దరున్నారు. దవాఖానలో రోగి మంచం దగ్గర యేసయ్యే నీ తండ్రి అని చెప్పేవాడు. అప్పుడు ఒక్కరే ఉన్నారు. తొమ్మిదేళ్ళప్పుడు ఆమె ఒక సాయంత్రం అడిగింది: నాన్నా, వాళ్ళు ఇద్దరా, ఒక్కరా? పొద్దున అడగమన్నాడు. పొద్దున అడిగితే సాయంత్రం అడగమన్నాడు. తర్వాత ఆమె అడగలేదు.

"ఒక పని చేద్దాం" అన్నాడు హరీష్. "అయ్యగారు మొదట్ల ఎవరి నామంల బాప్తిస్మం ఇచ్చిండో తెలిస్తే సరి. ఆయన అసలు నమ్మకం గప్పుడే తెలుస్తది. మొట్టమొదలు తీసుకున్నది మొగిలమ్మ. ఫోన్ చెయ్యక్కా."

ఓంప్రకాశ్ ఒప్పుకున్నాడు. ఆ రోజు ఇద్దరూ ఒప్పుకున్న విషయాల్లో ఇది రెండోది. మొదటిది ఎల్లస్వామి చెప్పింది తప్పని.

మొగిలమ్మకు డెబ్బై ఎనిమిది. నతానియేలు జబ్బు పడ్డాక, సువార్త బడికి వెళ్ళిన రోజుల్లో ఆయన దగ్గర కూర్చున్నది ఆమే. నాలుగో రింగుకు ఎత్తింది. సువార్త స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నాన్న నిన్ను బాప్తిస్మానికి చెరువుల ముంచినప్పుడు ఎవరి పేరు మీద ముంచిండు?"

"నా పేరు మీదనే, బిడ్డా. నన్ను ముంచి ఇంకొకరి పేరు ఎందుకు పెడ్తడు?"

"అట్ల కాదమ్మా. ముంచేటప్పుడు ఏమన్నడు?"

"ఏమో మరి. చెవులల్ల నీళ్ళు పోయినయి. ఏందో అన్నడు. లేసినంక ఆమెన్ అన్న. సలి పెడ్తాండె."

ఓంప్రకాశ్ ఫోను దగ్గరికి వంగాడు. "మొగిలమ్మా, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అన్నడా? ఒట్టి యేసు నామం అన్నడా? జర యాది చేసుకో."

"ఓంప్రకాశా? నువ్వు గూడ ఉన్నవా? ముప్ఫై తొమ్మిదేండ్ల కిందటిది ఇప్పుడు అడుగుతాన్నవా? ఏసయ్య నాకు అన్న. అన్నకు తండ్రంటే నాకు తండ్రే. ఒక్క ఇంట్ల ఉండేటోళ్ళ నడుమ మీరెందుకు దూరుతాన్రు?" అని ఆగింది. "బిడ్డా, ఏడున్నవ్?"

"కరీమాబాద్‌ల. ఎల్లస్వామన్న షెడ్డుల."

ఫోనులో గిన్నె దించిన చప్పుడు. తర్వాత "ఆడికెందుకు పోయినవ్ బిడ్డా?" అన్న మాట వినిపించింది. ఫోను ఆగింది. సువార్త మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"చార్జింగ్ అయిపోయుంటది" అన్నాడు హరీష్.

సువార్త ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "అన్నా, నువ్వు చెప్పు. ఈ అక్షరం నీకు కూడ ఇట్లనే కనపడి ఉంటది. రే అని ఎట్ల తేల్చుకున్నవ్?"

ఎల్లస్వామి తువాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మడత పెట్టాడు. విప్పాడు.

"నిజం చెప్తాన టీచరమ్మా. మొదలు నాకు టే లెక్కనే కనపడ్డది."

ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు.

"ఆగున్రి సార్, పూర్తిగ చెప్పనియ్యున్రి. టే అని సుద్దముక్కతోని రాతి మీద గీసుకున్న. గీసి చూసిన. మనసొప్పలే. ఒక్కటి అని దేన్నంటం? బర్రెనంటం. గుంజనంటం. ఈ రాయినంటం. దేవున్ని ఒక్కటి అంటరా? మా నాయిన తాగి పడిపోయేటోడు, అయినా నేను 'పండుకున్నరు' అనే చెప్పేటోన్ని. మర్యాద ఉండాలె గద. అయ్యగారు అంత పెద్ద మనిషి, దేవున్ని అట్ల రాయడు అనుకున్న. చెయ్యి వణికి రే టే లెక్కయింది అనుకున్న. తుడిచి రే గీసిన."

"మర్యాద కోసం సిద్ధాంతం మార్చినవా?" అన్నాడు ఓంప్రకాశ్. "పదిహేడు వందల ఏండ్ల కింద సంఘాల పెద్దలు కూడి కొట్లాడి తేల్చింది, నువ్వు మర్యాద కోసం మారుస్తవా?"

"ఆ సంగతి నాకేం తెలుసు సార్? అయినా నా అంతట నేను చెయ్యలే. అయ్యగారు ఈడనే ఉండె. 'ఒక్కరేనా అయ్యగారూ' అని అడిగిన. తల ఊపిండు."

"విన్నరా?" అన్నాడు హరీష్. "తల ఊపిండట. ఇగ అయిపోయింది."

"ఒక్కటేనా అని గూడ అడిగినవా అన్నా?" అంది సువార్త.

"అడగలే."

"అడిగితే?"

ఎల్లస్వామి ఆలోచించాడు. "అప్పుడు గూడ ఊపుతుండెనేమో."

ఊపేవాడని సువార్తకు తెలుసు. జబ్బు చేశాక ఆయన అన్నిటికీ తల ఊపేవాడు. అన్నం తింటావా అంటే ఊపేవాడు. తిన్నావా అంటే ఊపేవాడు. కిటికీ తెరవమంటావా, మూయమంటావా అంటే రెండింటికీ ఒకసారే ఊపేవాడు.

ఈ మాట ఆమె హరీష్‌తో అనబోయి ఆగింది. ఇందాకటి నుంచి తాను విన్నదాన్ని మళ్ళీ మొదటి నుంచి తలచుకుంది. చీటీ చేతిలోకి తీసుకుంది. మూలకు 19-9.

"అన్నా, నాన్న ఇక్కడికి వచ్చింది ఎప్పుడు?"

"నిరుడు సెప్టెంబర్ల. ఆ చీటీ మీద ఉన్నది చూడు. ఆ దినమే."

నతానియేలుకు పక్షవాతం వచ్చింది జూన్ పదకొండున. మాట ఆ రోజే పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. అక్టోబర్ పన్నెండున చనిపోయే దాకా ఆ చెయ్యి చెంచా పట్టుకోలేదు. సెప్టెంబర్ పంతొమ్మిదిన సువార్త నెక్కొండలో ఉంది. టీచర్లకు మూడు రోజుల ట్రైనింగ్. ఇంట్లో మొగిలమ్మ ఉంది. ఆ సాయంత్రం నాన్న ఎట్లున్నాడని అడిగితే, పొద్దంతా పండుకున్నాడని మొగిలమ్మ చెప్పింది.

"ఇది నాన్న రాత కాదు" అంది సువార్త.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"చెయ్యి పనిచెయ్యని మనిషి ఎట్ల రాస్తడు? చూడండి. ప్రతి అక్షరం మొదలు గట్టిగ ఉన్నది. చివర వంకర పోయింది. చిన్న పిల్లలకు పలక మీద చెయ్యి పట్టి దిద్దిస్తే ఇట్లనే ఉంటది. నేను రోజూ చూస్త."

"ఎల్లస్వామీ" అన్నాడు ఓంప్రకాశ్. గొంతు తగ్గింది. "ఎవరు రాసిన్రు ఇది?"

"అయ్యగారే రాసిన్రు సార్. చెయ్యి అయ్యగారిదే. పట్టుకున్నాయన వేరే. అయ్యగారిని ఎత్తుకొచ్చి ఆ స్టూలు మీదనే కూసోబెట్టిండు. ఆయన వెనక నిలబడి, అయ్యగారి చెయ్యిల పెన్ను పెట్టి, ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టిండు. ఇద్దరు కలిసి రాసిన్రు. ఒక్కొక్క అక్షరానికి ఆగి, అయ్యగారి మొకం చూసి, మల్ల రాసిండు. గంట పట్టింది."

"మరి ఫోన్ల అయ్యగారే ఇచ్చిండన్నవ్ గద."

"అయ్యగారే ఇచ్చిన్రు. చీటీ ఆయన చెయ్యిలనే ఉండె. మీరు అడిగింది ఎవరిచ్చిన్రని. ఎంతమంది వచ్చిన్రని అడగలే."

"ఆయన ఎవరన్నా?" అంది సువార్త.

"కొడుకు."

"ఎవరి కొడుకు?"

"అయ్యగారి కొడుకు. నేనే అడిగిన, నువ్వేమైతవ్ బాబూ అని. కొడుకును అన్నడు. అయ్యగారు తల ఊపిండు."

రోడ్డు మీద ఉల్లిగడ్డల బండి మైకు వినిపించింది.

"తల అన్నిటికీ ఊపుతుండె గద" అన్నాడు హరీష్. తన వాదన తానే పోగొట్టుకున్నానని అన్నాక తెలిసింది.

"ఆత్మీయ కుమారుడై ఉంటడు" అన్నాడు ఓంప్రకాశ్. "అయ్యగారు బాప్తిస్మం ఇచ్చిన ప్రతి మొగోన్ని నా కుమారుడా అనేటోడు. నన్ను అన్నడు."

"నన్ను గూడ అన్నడు" అన్నాడు హరీష్.

"గట్లయితే ఫికరే లేదు. వీడు గూడ గట్లనే. సంఘంల మాట అది. బయటోళ్ళకు తెల్వదు."

ఎల్లస్వామి తువాల మళ్ళీ మడిచాడు. "గదంతా నాకు తెల్వదు సార్. నేను రాళ్ళు చూసెటోన్ని. ఏ రాయి ఏ క్వారీదో చూస్తె చెప్త. ముక్కు మాత్రం ఇద్దరిది ఒక్కటే."

సువార్త స్టూలు మీంచి లేచింది. తాను కూర్చున్న చోటు చూసింది. మళ్ళీ కూర్చోలేదు.

"పేరు రాసుకున్నవా?"

"ఆర్డర్ బుక్కుల ఉన్నది. ఎవరొచ్చినా రాయిస్త. రేపు రాయి తీసుకపోకుంటె ఎవర్ని పట్టుకోవాలె?"

ఆర్డర్ బుక్కు గోడకు మేకుకు వేలాడుతోంది. అతను పుటలు తిప్పాడు. నాలుగు గళ్ళు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను. సెప్టెంబర్ పంతొమ్మిది నాటి వరుసలో మొదటి గడిలో బెన్యామీను అని ఉంది. రెండో గడిలో నతానియేలు. మూడో గడిలో కటాక్షపూర్. నాలుగో గడిలో పది అంకెలు.

సువార్త రెండో గడి దగ్గర ఆగింది. ఓంప్రకాశ్ మూడో గడి దగ్గర ఆగాడు. రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు సంతకాలు పోల్చిన మనిషి.

"కటాక్షపూర్. ఇందుల ట ఉన్నది. ర ఉన్నది. చీటీ పట్టున్రి పక్కకు. ఈయన ట ఎట్ల రాస్తడో, ర ఎట్ల రాస్తడో చూస్తె, మూడో అక్షరం ఏందో ఇప్పుడే తేలుతది."

హరీష్ చీటీని పుస్తకం పక్కన పెట్టాడు. నలుగురూ వంగారు. కటాక్షపూర్‌లో ట గుండ్రం మూసుకోబోతూ ఆగింది. అదే మాట చివర ర గుండ్రం మూసుకోబోతూ ఆగింది. ఓంప్రకాశ్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈయనకు రెండు ఒక్కటే" అన్నాడు ఎల్లస్వామి.

ఈసారి అతని మాటను ఎవరూ కాదనలేదు.

"ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు ఓంప్రకాశ్. "రాసినోన్నే అడుగుదాం. ట నా, ర నా. ఒక్క మాట. స్పీకర్ పెట్టు."

సువార్త అంకెలు నొక్కింది. పది అంకెలకు రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి రింగ్ అయింది. ఈ నంబరుకు ఆమె ఎప్పుడూ ఫోను చేయలేదు. ఈ నంబరు నుంచి ఆమెకు ఎప్పుడూ ఫోను రాలేదు.

రెండో రింగుకు ఎత్తారు. హలో అనలేదు.

"అక్కా, రాయి నిలబెట్టిన్రా?"

వరంగల్‌లో అక్కా అని ఎవరైనా పిలుస్తారు. పూలమ్మే మనిషి పిలుస్తుంది, బస్సు కండక్టర్ పిలుస్తాడు. కాని వాళ్ళు ఎదురుగా చూసి పిలుస్తారు.

సువార్త స్పీకర్ ఆపింది. ఓంప్రకాశ్ చెయ్యి చాపి, పెట్టమన్నట్టు సైగ చేశాడు. ఆమె ఫోను చెవికి ఆనించి షెడ్డు బయటికి, ఖాళీ రాళ్ళ దగ్గరికి నడిచింది. ఆమె దగ్గర ఇప్పుడు రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి అడగడానికి వర్ధన్నపేట నుంచి వచ్చింది. రెండోది ఇక్కడికి వచ్చాక పుట్టింది. శనివారం ఐదింటికి కమిటీకి కావలసింది మొదటిది. ఆమె మొదటిదే అడిగింది.

"నాన్న రాయి మీద చివరి మాట ఒక్కటేనా, ఒక్కరేనా తమ్ముడూ?"

తమ్ముడూ అని తాను అన్నట్టు ఆమెకు ఆ తర్వాత తెలిసింది. వరంగల్‌లో ఆ మాట కూడా ఎవరినైనా అంటారు.

అవతల ఏదో బస్సు వెళ్ళిన చప్పుడు. అది పోయేదాకా అతను ఆగాడు.

"ఏది పెట్టినా నాకు బాధ లేదక్కా. కాని మందిరమోళ్ళకు జర చెప్పు. అది దేవుని గురించి రాసింది కాదు."

సువార్త వెనక్కి తిరిగింది. ఓంప్రకాశ్, హరీష్ షెడ్డు గుమ్మంలో పక్కపక్కనే నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఏమన్నడు?"